కచ్చాకుట్టు

ఆ ఏడు వానలు ఇంకా గట్టిగా పట్టుకోకముందే మామయ్యగారు తన మోటార్‌సైకిల్‌ని ముక్కలు ముక్కలుగా విప్పి మా గరాజు నేలమీద పరిచేశారు. మాకు కారు లేదు. ఇల్లు కొన్నప్పుడు దానితోపాటు వచ్చిన గది అది. అప్పటిదాకా అందులో ఖాళీ అట్టపెట్టెలూ, ఎవరికీ పారేయడానికి మనసొప్పని ఒక విరిగిన కుర్చీ ఉండేవి. ఆయన వచ్చాక పెట్టెలు మేడ మీదకి పోయాయి, కుర్చీకి నాలుగో కాలు వచ్చింది, నేలమీదకి ఒక పాత దుప్పటి వచ్చింది, దుప్పటి మీదకి బండి వచ్చింది.

"కొండదారి తెరిచేది వానలు వెళ్ళాకే కదా," అన్నారు. "అప్పటిదాకా తీరికే. బండి కాలం వచ్చేసరికి తయారుగా ఉండాలి."

ఎండాకాలం, వానాకాలం అన్నట్టే ఆయన బండి కాలం అనేవారు. వానలకి చరియలు విరిగి పడతాయని ఊరి చివర కొండదారికి అడ్డంగా ఇనప గేటు వేసేస్తారు. ఆ గేటు తీసిన రోజు నుంచి మళ్ళీ మొదటి వాన దాకా ఆయన లెక్కలో ఏడాది. మిగతాదంతా ఎదురుచూపు.

కిందటి బండి కాలం మధ్యలో ఆ దారిలోనే ఒక మలుపు దగ్గర పడ్డారు. భుజం ఎముక విరిగింది. అప్పటికి అత్తయ్య పోయి ఏడాది కూడా కాలేదు. ఆసుపత్రి నుంచి ఆయన్ని నేరుగా మా ఇంటికే తీసుకొచ్చాం. బండి వెనకే వ్యాన్‌లో వచ్చింది. ఎలా పడ్డారని ఎవరడిగినా "కంకర," అనేవారు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పేవారు కాదు.

మా ఆవిడ ఆ కంకరని నమ్మలేదు. కళ్ళు తిరిగి పడ్డాడని పైకి అనేది. లోపల అనుకుంటున్న మాట వేరే ఉందని నాకు తెలుసు. ఆయన తాళంచెవి చేతిలో పెట్టుకుని తాళంచెవి కోసం ఇల్లంతా వెతకడం, ఒకే మాట పొద్దునా సాయంత్రం చెప్పడం, ఇలాంటివన్నీ తను మనసులో ఒక పక్కన పేరుస్తూ వచ్చింది. ఆయనకీ ఆ సంగతి తెలుసు. బండిని తానే విప్పి, తానే బిగించి, ఒక్క కిక్కుకి లేపి చూపిస్తే కూతురి నోరు మూతపడుతుందని ఆయన ఆశ. చేతులకి గుర్తున్నంత కాలం బుర్ర ఉన్నట్టే. మా ఆవిడ ఆశ దానికి ఎదురు: ఈ ఒక్క కాలం ఎలాగోలా దాటిపోతే, వచ్చే ఏటికి ఆయనే బండి మాట ఎత్తడు.

"సాయంత్రం కిందకెళ్ళి ఆయన దగ్గర కూర్చో," అంది నాతో. "ఏం చేస్తున్నాడో నాకు చెప్పు."

"గూఢచారి పనా?"

"అల్లుడి పని. రెండూ ఒకటే."

నేను వినికిడి పరీక్షలు చేస్తాను. మనిషిని శబ్దం చొరబడని చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమంటాను. నేను ఏ శబ్దమూ పంపకపోయినా నొక్కేవాళ్ళుంటారు. వాళ్ళు అబద్ధాలకోరులు కారు. ఎక్కడ తప్పిపోతామో అన్న భయమే వాళ్ళ చెవిలో సన్నగా మోగుతుంది. అలాంటి ముఖాల్ని పగలంతా అద్దం వెనక నుంచి చూసి, ఇంటికొచ్చి, ఆ నాలుగో కాలు అతికించిన కుర్చీలో కూర్చునేవాణ్ణి. బండ్ల గురించి నాకు తెలిసింది ఒకటే, అవి పడతాయని.

ఆయన కటింగ్ మాస్టర్. కోట్లు కత్తిరించి బతికిన మనిషి. మెకానిక్ పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు కనక బండిని కూడా కోటు లెక్కలోనే చూసేవారు. ఏ నట్టునీ మొదటిసారే పానాతో బిగించరు. అన్నిటినీ వేళ్ళతో తిప్పి వదిలేస్తారు. కోటుకి ట్రయల్ ముందు వదులుగా వేసే కచ్చాకుట్టు అది. తరవాత రెండడుగులు వెనక్కి వేసి, తల ఒక పక్కకి వంచి, ట్రయల్‌కి వచ్చిన మనిషిని చూసినట్టు బండిని చూస్తారు. కుదిరిందనిపిస్తేనే పానా తీస్తారు. అప్పుడది పక్కా. ప్లగ్గులో నిప్పురవ్వ దూకే సందుని కొలవడానికి కోటు కాలరులో వేసే బక్రం ముక్క ఒకటి జేబులో ఉండేది.

"ఇది కచ్చానా, పక్కానా మామయ్యగారూ?"

"చూస్తే తెలియట్లేదా? ఇలాంటిది తొడుక్కుని మీరు పెళ్ళికి వెళ్తారా?"

ఆ ఇంట్లో అన్నిటికీ ఇవే మాటలు. మా ఆవిడ ఇవాళ్టికీ "ఆదివారం సినిమా కచ్చా, ఇంకా పక్కా కాలేదు," అంటుంది. బడిలో లెక్కలు చెప్పి మధ్యాహ్నానికి ఇంటికొచ్చేస్తుంది తను. ఆ వేళకి ఆయన భోంచేసి పై గదిలో కునుకు తీస్తుంటారు. సాయంత్రం నేను వచ్చేదాకా ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది. ఆయన మా దగ్గరికి వచ్చాక తను గరాజు గుమ్మం దాటి ఒక్కసారి కూడా లోపలికి రాలేదు.

వానలు బాగా ముదిరిన రోజుల్లో ఒక సాయంత్రం నేను కిందకెళ్ళేసరికి ఆయన హ్యాండిల్ ముందు నిలబడి క్లచ్ లీవరుని నొక్కుతూ వదులుతూ ఉన్నారు. అది కదిలే పన్నులా ఊగుతోంది.

"అల్లుడుగారూ, నిన్న ఈ కేబుల్ నేను సరిచేశానా, లేదా?"

"చేసినట్టే ఉంది."

"ఉన్నట్టు కాదు. చూశారా?"

నిన్న ఆ సమయంలో నేను వీధిలో గొడుగు తిరగబడి దానితో కుస్తీ పడుతున్న ఒకాయన్ని చూస్తున్నాను. ఆ మాటే చెప్పాను.

"ఊఁ. అయితే చేసుండను," అని మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి నేను చూడాలని కాబోలు, చాలా నెమ్మదిగా చేశారు.

తరవాత కార్బురేటర్ పక్కనుండే గాలి స్క్రూ వంతు వచ్చింది. దాన్ని పూర్తిగా మూసి, మళ్ళీ కొలత ప్రకారం వెనక్కి తిప్పడం నేను కళ్ళారా చూశాను. మర్నాడు చూస్తే అది పూర్తిగా మూసుకుని ఉంది.

"కదిలుంటుంది మామయ్యగారూ."

"కదలదు. లోపల స్ప్రింగు పట్టుకుని ఉంటుంది." గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నారు. "చేసింది మీరు చూశారు. అంటే చేశాను. చేసి, మళ్ళీ నేనే మూసేసి, మూసిన సంగతి మర్చిపోయానన్నమాట."

బయట వాన సంగతి చెప్తున్నంత మామూలుగా చెప్పారు. నేను ఏదో సర్దిచెప్పబోతే చెయ్యి ఎత్తారు.

"అమ్మాయికి చెప్పకండి. దానికి సాక్ష్యం దొరికినట్టవుతుంది."

మేడెక్కాను. మా ఆవిడ స్టవ్ దగ్గర నిలబడి ఉంది. వెనక్కి తిరక్కుండానే, "ఏం చేశాడు ఇవాళ?" అంది.

"నిన్న చేసిందే."

"అంటే, ఇప్పట్లో అయ్యేట్టు లేదా?"

"లేదు."

తను పెద్దగా ఊపిరి వదిలింది. నేను దాన్ని దిగులనుకున్నాను.

ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యమేస్తుంది. ఒక ముసలాయన బుర్రని అనుమానించడం ఆయనకీ నాకూ ఎంత సులువైపోయిందంటే, గరాజు తలుపుకి తాళం ఉండదన్న సంగతి ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

కొత్త ప్లగ్గు నిప్పు పుట్టించడం మానేసినప్పుడు నన్ను కొట్టుకి పంపారు. స్పేర్ పార్టుల కొట్టాయన్ని ఆ వీధిలో అందరూ గ్యారంటీ అంటారు. ఏ వస్తువుకీ అతను అది ఇవ్వడు కనక. అతను ప్లగ్గుని బల్బు కింద పెట్టి చూసి పెదవి విరిచాడు.

"ఎవరు పెట్టారండీ దీన్ని? సందే లేదు, మూసుకుపోయింది. దేనికో తగిలింది, లేకపోతే ఎవరో తట్టారు." చిన్న స్క్రూడ్రైవర్‌తో సందు తెరిచి, తన బల్ల మీది ప్లగ్గులు పరీక్షించే పెట్టెకి తగిలించాడు. నీలం రవ్వ టప్పున దూకింది. "చూశారా? ప్లగ్గుకి ఏ రోగమూ లేదు. మాస్టారికి ఎన్నేళ్ళుంటాయండీ?"

"ఆయన బాగానే ఉన్నారు."

"బాలేరని నేనన్నానా? వయసు అడిగాను. ప్లగ్గు తెచ్చినా నేను అడిగేది అదే."

తిరిగొచ్చి, కొత్తది మార్చి ఇచ్చాడని ఆయనతో చెప్పాను. ఆయన దాన్ని వేళ్ళ మధ్య ఒకసారి దొర్లించారు.

"ఇది అదే."

"కాదండీ, వేరేది."

"అల్లుడుగారూ, కళ్ళు మూసుకుని గుడ్డ పట్టుకుంటే ఏ తానులోంచి కోశారో చెప్పినవాణ్ణి నేను. ఇది నేను పెట్టిన ప్లగ్గే. ఏమన్నాడు గ్యారంటీ?"

సందు మూసుకుపోయిందన్నాడని చెప్పక తప్పలేదు. ఆయన జేబులోంచి బక్రం ముక్క తీసి, దాని అంచుని బొటనవేలితో తడిమి, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. ఆ సాయంత్రం మరేమీ ముట్టుకోలేదు. ఆయన చేతులు ఒళ్ళో ఊరికే ఉండటం నేను అంతకుముందు చూడలేదు.

ఆ తరవాత ఆయన పని చేస్తూ గొణుక్కోవడం మొదలుపెట్టారు. మొదట్లో నాకర్థం కాలేదు. చెవి ఒగ్గి వింటే మనుషులు, ఒకప్పుడు ఆయన కోట్లు కుట్టినవాళ్ళు.

"బ్యాండు మాస్టారు. ఎడమ భుజం కిందికి. ఛాతి మామూలే, ఊపిరి తీస్తే రెండంగుళాలు అదనం. కోర్టు గుమాస్తా. చేతులు పొడుగు, కుడిచెయ్యి ఇంకాస్త పొడుగు. కవలలు. ఒకే కొలత అనేవాళ్ళు. కాదు. చిన్నోడి మెడ లావు."

"ఏంటి మామయ్యగారూ?"

"హాజరు పిలుస్తున్నా. ఎవరెవరు ఇంకా ఉన్నారో చూద్దామని."

"అందరూ ఉన్నారా?"

"పాతవాళ్ళు కదలరండీ. నిన్నటివాళ్ళే పారిపోతున్నారు."

నవ్వించడానికే అన్నారు. నేను నవ్వాను కూడా. కానీ మనిషి తన ఇంట్లోకి దొంగ వస్తున్నాడని తెలిసి, ఆ దొంగ తానేనేమో అని రాత్రీ పగలూ కాపలా కాస్తే ఆ ముఖం ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. అన్నం తక్కువ తినేవారు. మెట్లు దిగేటప్పుడు ఒక్కో మెట్టునీ చూసుకుని దిగేవారు. నాకు తెలిసిన ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానన్నాను. "బండి కాలం అయ్యాక చూద్దాం," అన్నారు. అది ఇంకా మొదలే కాలేదు.

ఒక రోజు ఆయన చేతిలోకి సుద్దబిళ్ళ వచ్చింది. కోటు గుడ్డ మీద గుర్తులు పెట్టే పల్చటి తెల్ల బిళ్ళ. పక్కా అయిన ప్రతి నట్టు మీదా, ప్రతి స్క్రూ మీదా ఒక గీత గీసేవారు. నట్టు తల మీద మొదలై, పక్కనున్న ఇనుము మీదకి వెళ్ళే ఒకే గీత. నట్టు కదిలితే గీత విరుగుతుంది.

"ఇక నన్నడగక్కర్లేదు. నేనూ నన్ను అడుక్కోక్కర్లేదు. గీతని అడగడమే."

మా ఆవిడ టీ తెచ్చి ఎప్పట్లాగే గుమ్మం బయటే ఆగింది. లోపలికి తొంగిచూసి, "ఇదేంటి నాన్నా, బండికి కోటు కుడుతున్నావా?" అంది.

"అవునమ్మా. లోపలికి రా, నీకూ కొలతలు తీస్తా."

"నాకేం వద్దు. టీ చల్లారిపోతుంది." కప్పులు నాకందించి వెళ్ళిపోయింది.

తను వెళ్ళినవైపే ఆయన కాసేపు చూశారు. "చిన్నప్పుడు ఆదివారాలు మొత్తం నా పక్కనే. ఏ పానా కావాలో నేను నోరు తెరవకముందే చేతిలో పెట్టేది. ఎడంచేత్తో. కొట్లో కూడా అంతే, నా బల్ల కిందే దాని కాపురం. ఎడంచేతి వాటం పిల్లకి మామూలు కత్తెర తెగదండీ. దాని కోసం వెతికించి వెతికించి ఎడంచేతి కత్తెర తెప్పించాను. ఇప్పుడు చూడండి, గుమ్మం దాటదు."

"భయపడుతోందండీ."

"తెలుసు. నేనూ అదే పనిలో ఉన్నా."

వానలు పల్చబడ్డాయి. గేటు దగ్గర మట్టి తీస్తున్నారని ఆయన నడకకి వెళ్ళి చూసొచ్చారు. బండి అప్పటికి బండిలా నిలబడింది. ట్యాంకు ఎక్కింది, సీటు పడింది, ఎక్కడ చూసినా తెల్ల గీతలు. మొదటి కిక్కు నేను ఉన్నప్పుడే కొడతానని నాకోసం ఆగారు.

నేను ఆఫీసు బట్టల్లోనే గరాజులోకి వెళ్ళాను. ఆయన పెట్రోలు తిప్పి, సీటు మీద చెయ్యి వేసి, కిక్కు కొట్టారు. బండి దగ్గి ఊరుకుంది. మళ్ళీ కొట్టారు. ఈసారి దగ్గలేదు కూడా. మానిన భుజం మీద చెయ్యి వేసుకుని మరోసారి కొట్టారు, ఇంకోసారి కొట్టారు. నేను చాలనబోయి నోరు మూసుకున్నాను.

ఊపిరి అందాక మోకాళ్ళ మీద కూర్చున్నారు. "టార్చి ఇటు పట్టండి."

కార్బురేటర్ అడుగున చిన్న గిన్నె ఉంటుంది, పెట్రోలు నిలిచేది. దాన్ని పట్టి ఉంచే స్క్రూల మీద సుద్ద గీతలు శుభ్రంగా ఉన్నాయి.

"గీతలన్నీ ఉన్నాయి," అన్నాను. "ఒక్కటీ విరగలేదు."

ఆయన ముఖాన్ని దగ్గరగా పెట్టి చాలాసేపు చూశారు. తరవాత టార్చి నా చేతిలోంచి తీసుకుని ట్యాంకు కింద బోల్టు మీద వేశారు. అక్కడి గీత కుడివైపుకి వాలి ఉంది. మళ్ళీ గిన్నె మీద వేశారు. అక్కడివి ఎడమవైపుకి వాలి ఉన్నాయి.

సుద్దబిళ్ళ కుడిచేత్తో పట్టుకుని గాల్లో ఒక గీత గీశారు. దాన్ని ఎడంచేతిలోకి మార్చుకుని మరో గీత గీశారు. లేచి కుర్చీలో కూర్చున్నారు. ఆయన భుజాలు కిందకి దిగడం చూశాను. ఇన్ని వారాలూ అవి అంత పైన ఉన్నాయని దిగాకే తెలిసింది.

"విప్పి చూద్దామా?" అన్నాను.

"అక్కర్లేదు. ఇవాళ్టికి చాలు అల్లుడుగారూ. ఆకలేస్తోంది."

మెట్లు నాకంటే ముందు ఆయనే ఎక్కారు. భోజనాల బల్ల మీద మా ఆవిడ పిల్లల లెక్కల పేపర్లు దిద్దుతోంది. జవాబుల పక్కన ఎర్రటి టిక్కులు. నేను చూస్తుండగానే ఇంకొకటి పెట్టింది. అది ఎడమవైపుకి వాలింది. అప్పుడు నాకర్థమైంది. అర్థమై, ఎవరి ముఖం చూడాలో తెలియక, వెళ్ళి చేతులు కడుక్కున్నాను.

ఆయన కంచం నిండా పెట్టుకున్నారు. నాలుగు ముద్దలు తిన్నారు. తరవాత కూర గిన్నె కూతురివైపు జరుపుతూ, "అమ్మలూ," అన్నారు, "కార్బురేటర్ గిన్నె విప్పేటప్పుడు కింద గుడ్డ పరుచుకోవాలి. పెట్రోలు నేల మీద పడితే కాలు జారుతుంది."

"పరిచాను నాన్నా," అంది తను.

అనేశాక తన చెయ్యి గరిటె మీదే ఆగిపోయింది. ఆయన కూతురు కాకపోతే ఆ మాట అనేది కాదు. దొంగతనం ఒప్పుకోవడం కంటే పని తెలియనిదని అనిపించుకోవడం ఆ ఇంట్లో పెద్ద సిగ్గు.

"ఊఁ. అయితే సరే," అన్నారు ఆయన. ఇంకో ముద్ద తిన్నారు. "జెట్టు బెజ్జంలో ఏం పెట్టావు?"

"దారప్పోగు."

"నూలా, సిల్కా?"

"నూలు."

"సిల్కయితే తడిసినా జారిపోదు." అని ఆయన నవ్వడం మొదలుపెట్టారు. ముందు చిన్నగా, తరవాత కళ్ళు తుడుచుకునేంతగా.

తను బిత్తరపోయి నావైపు చూసింది. "కోప్పడకుండా ఎందుకు నవ్వుతున్నాడు?"

"చెప్పకండి," అన్నారు ఆయన నవ్వుతూనే.

నేను చెప్పాను. క్లచ్ కేబుల్, గాలి స్క్రూ, ప్లగ్గు, హాజరు పట్టీ, మెట్లు చూసుకుని దిగడం, అన్నీ. "ఆయన తన బుర్ర పోతోందనుకుంటున్నారు. ఇవాళ సాయంత్రం దాకా."

తను గరిటె కింద పెట్టేసింది. "నువ్వు నాకెందుకు చెప్పలేదు?"

"వద్దన్నారు. నువ్వు మాత్రం నాకు చెప్పావా?"

తను తండ్రివైపు తిరిగింది. "నాన్నా, నేను బండిని విప్పాను. నిన్ను కాదు. ఒక్క ఏడాది ఆగుతావని. ప్రమాదం తెచ్చేది ఒక్కటి కూడా ముట్టుకోలేదు, బ్రేకు జోలికి వెళ్ళలేదు. బండి కదలకుండా, అంతే."

"తెలుసమ్మా. ఎక్కడా మోటు పని లేదు. అందుకే నేనే చేశాననుకున్నా."

తను తల దించుకుంది. తరవాత తను తల ఎత్తకుండానే అడిగింది, ఇన్ని నెలలూ అడుగుతూ వచ్చిన మాటే, కానీ గొంతు వేరు. "మరి ఆ రోజు ఎందుకు పడ్డావు?"

కంకర అంటారనుకున్నాను. ఆయన నీళ్ళ గ్లాసుని బల్ల మీద కొంచెం అటు తిప్పి, కొంచెం ఇటు తిప్పి పెట్టారు.

"కంకర లేదు," అన్నారు. "కళ్ళూ తిరగలేదు. ఆ మలుపు దగ్గరికి రాగానే వెనక కూర్చున్న మీ అమ్మ ఏదో ఒకటి అడిగేది. స్టవ్ కట్టామా, వెనక తలుపు గడియ పెట్టామా. ఊరు కనపడటం అక్కడితో ఆఖరు కదా, అందుకని అక్కడే గుర్తొచ్చేది. నేను తల వెనక్కి తిప్పి జవాబు చెప్పేవాణ్ణి. ఆ రోజూ చెప్పాను."

"అమ్మ అడిగినట్టు వినపడిందా?"

"లేదమ్మా. ఎవరూ అడగలేదు. అడిగే చోటు వచ్చింది, అంతే."

నా గదిలో బటన్ నొక్కేవాళ్ళలో ఇంకో రకం ఉన్నారని నేను ఆ పూట నేర్చుకున్నాను. వాళ్ళకి భయమూ ఉండదు, భ్రమా ఉండదు. ఫలానా చోట శబ్దం రావాలని వాళ్ళ వేలికి తెలుసు, అంతే. దానికి నా దగ్గర ఏ కొలతా లేదు.

"మరి కంకరని ఎందుకన్నావు?" అంది తను.

"ఇదంటే నువ్వు నవ్వుతావనుకున్నా. లేకపోతే ఏడుస్తావని."

తను రెండూ చేయలేదు. కంచం తీసుకుని లేచింది.

మర్నాడు సాయంత్రం నేను కిందకెళ్ళేసరికి నా కుర్చీలో మా ఆవిడ బడి సంచీ ఉంది. తను దుప్పటి మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, నోట్లో ఒక వాషర్ పట్టుకుని, జెట్టులోంచి దారం లాగుతోంది. ఇద్దరికీ మాటలతో పని లేదు. ఆయన చెయ్యి చాపుతారు, పానా అందులోకి వస్తుంది. మధ్యమధ్య చిన్న తగాదాలు.

"అది అలా కాదు నాన్నా."

"నాకు నేర్పుతున్నావా? ఆ పానా పట్టడం నీకు నేర్పింది ఎవరు?"

"నువ్వే. అప్పుడు సరిగ్గా నేర్పావు, ఇప్పుడు నువ్వు మర్చిపోయావు."

ఆ మాటకి నేను ఉలిక్కిపడ్డాను. ఆయన హాయిగా నవ్వారు. మర్చిపోవడం ఆ ఇంట్లో మళ్ళీ మామూలు తిట్టు అయింది. నేను కాసేపు గుమ్మం దగ్గర నిలబడి, నాకు పని లేదని తెలుసుకుని, ఎందుకో కొంచెం ఉడుక్కుని, మేడెక్కి టీ పెట్టాను. కప్పులు తెచ్చి గుమ్మం బయట నుంచే అందించాను.

బండి మూడో కిక్కుకి లేచింది. గరాజంతా పొగ. తను దగ్గుతూ నవ్వుతూ బయటికి పరిగెత్తింది. ఆయన మాత్రం పొగలోనే నిలబడి, తల ఒక పక్కకి వంచి, ఆ చప్పుడుని ట్రయల్ చూశారు.

గేటు తీస్తారని తెలిసిన రోజు బల్ల దగ్గర మళ్ళీ ముగ్గురం కూర్చున్నాం. వెళ్ళొద్దని తను అనలేదు. ఒంటరిగా వద్దు అంది.

"అయితే నువ్వు రా," అన్నారు.

"నేను రాను నాన్నా," అంది తను. "నాదీ అమ్మ బరువే. కూర్చోవడం కూడా అలాగే కూర్చుంటానని నువ్వే అన్నావు. వెనక నేనుంటే నువ్వు తల తిప్పుతావు." తరవాత నావైపు చూసింది. "ఈయన్ని తీసుకెళ్ళు. ఈయన వెనకుంటే అమ్మ అని పొరపాటున కూడా అనుకోవు. బస్తాలా ఉంటాడు."

"నేనా?" అన్నాను.

"పాపం, ఆయనకి భయం అమ్మా," అన్నారు మామయ్యగారు.

"భయం లేదు," అన్నాను. అలా అన్నాక ఇక వెనక్కి వెళ్ళే దారి లేకపోయింది.

తెల్లారి, వీధులు ఇంకా తడిగా ఉండగానే బయల్దేరాం. తను బండి చుట్టూ ఒకసారి తిరిగి, ప్రతి గీతనీ చూసి, నా హెల్మెట్ పట్టీని నొప్పి పుట్టేంత బిగించింది. ఆయనకేం చెప్పలేదు. ఆయన కోటు కాలరుని మాత్రం సరిచేసింది.

గేటు దగ్గర కాపలావాడు చెయ్యి ఊపాడు. అక్కణ్ణుంచి ఎక్కుడు. కొట్టుకొచ్చిన మట్టిని దారి పక్కన ఎర్రగా కుప్పలు పోశారు. నేను నా చేతులు ఆయన భుజాల మీద వేశాను, విరిగిన వైపు తేలిగ్గా. ఆయన నడపడం నేను ఊహించినట్టు లేదు. ప్రతి వంపులోకీ ముందే తెలిసినట్టు వాలేవారు, కత్తెర గుడ్డలోకి వెళ్ళినట్టు. కొంతసేపటికి నేనూ ఆయనతోపాటు వాలుతున్నానని గమనించాను.

ఆ మలుపు ఇదేనని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. కింద ఎడమవైపు ఊరంతా, కప్పులూ నీళ్ళ ట్యాంకులూ, ఒక్కసారిగా కనపడి, ముందున్న బండరాయి చాటుకి వెళ్ళబోతోంది. నా వేళ్ళ కింద ఆయన మెడ నరాలు బిగుసుకున్నాయి. తల తిప్పితే "ముందు చూడండి" అని అరవడానికి నేను మాట సిద్ధం చేసుకున్నాను. ఆ మాట కోసమే నన్ను ఎక్కించారు.

ఆయన తల తిప్పలేదు. బండి మలుపంతా తిరిగింది. ఊరు వెళ్ళిపోయింది. మెడ నిటారుగా, కళ్ళు దారి మీదే. నాకు రావలసిన నెమ్మది రాలేదు. ఆయన మా మాట విన్నారు కదా, ఇక ఆ చోట కూడా అత్తయ్యకి జవాబు చెప్పేవాళ్ళు లేరు కదా అనిపించింది.

అప్పుడు ఆయన ముందుకే చూస్తూ, ఎదురుగాలిలోకి గట్టిగా ఏదో అన్నారు. నాకు మాటలు అందలేదు.

"ఏంటి మామయ్యగారూ?" అని అరిచాను.

"నీతో కాదులే," అన్నారు, ఎప్పుడూ అనే మీరు వదిలేసి. "నువ్వు గట్టిగా పట్టుకో."